బూజు కర్ర

వారాసిగూడలో మా అపార్ట్‌మెంటు.
మూడో అంతస్తు నాది, నాలుగోది వాళ్లది.
నా సీలింగే వాళ్ల నేల.
రాత్రి రెండున్నరకి
ఆ నేల మీద ఎవరో గెంతేవారు.
ధబ్. ధబ్. ధబ్.

ఐదింటికల్లా నేను బండి తియ్యాలి,
పరగడుపున ఎదురుచూసే షుగర్ పేషెంట్ల ఇళ్లకి
సూదులూ సీసాలూ మోసుకుని.
నిద్ర లేని చేతికి నరం దొరకదు.
సీతాఫల్‌మండిలో ఒక పెద్దాయన్ని మూడుసార్లు గుచ్చాను.
ఆ రాత్రే మంచమెక్కి
బూజు కర్రతో సీలింగుని మూడు పోట్లు పొడిచాను.

పైన నిశ్శబ్దం.
తర్వాత మూడు గెంతులు. సరిగ్గా మూడు.

పొగరనుకున్నాను.
నాలుగు పొడిచాను, నాలుగు వచ్చాయి.
ఒకటి పొడిచాను, ఒకటి,
దాని వెనకే కిచకిచమని నవ్వు.

వారం ఓర్చుకుని, పోట్లాటకే మెట్లెక్కాను.
తలుపు తీసినామె పేరు స్వరూప.
నేను నోరు తెరవకముందే "సారీ అక్కా" అంది.
పాత రూపాయి బిళ్లలా
ఆమె నోట్లో అరిగిపోయి ఉందా మాట.
లిఫ్టులో, ఆటోలో, పెళ్లి పందిళ్లలో,
వద్దన్న ప్రతి బడి గేటు దగ్గరా
ఎన్నిసార్లు చెల్లించుకుందో.

ఫ్యాను కింద సాకేత్. ఏడేళ్లు.
నా మొహం చూడలేదు.
కూలబడి, వేలి కణుపుతో నేల మీద మూడు కొట్టాడు,
ఆగాడు.
"పిలిస్తే పలుకడక్కా వీడు.
వారం సంది రాత్రయితే చాలు,
నేలకు చెవి పెట్టి పండుకుంటున్నడు."

తెచ్చుకున్న కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక
ఇచ్చిన టీ తాగి దిగాను.

ఆటిజం అన్న మాట మూడోసారికి గానీ చెప్పలేదు,
చాయ్ వడగడుతూ, నా వైపు చూడకుండా.
నాలుకకి వస రాశారట, మొక్కులు మొక్కారట.
తల్లి ఫోను చూడబట్టే ఇదంతా అందట ఓ మేనత్త.
వారానికి మూడు రోజులు తార్నాకలో థెరపీ.
దాని కోసం భూమేశ్ చర్లపల్లిలో రెండు షిఫ్టులు.

మా అసోసియేషన్ పుస్తకంలో
'నాలుగో అంతస్తు చప్పుడు' అని ఒక ఫిర్యాదు ఉంది.
రాయించింది నేనే.
కొట్టేయించడానికి మూడు మీటింగులు పట్టింది.

ఏం సాయం కావాలని అడిగాను.
డబ్బంటుందనుకున్నాను, పెద్ద డాక్టరంటుందనుకున్నాను.
చాలాసేపు ఆలోచించి అంది:
"రెండు గంటలు పండుకోవాలె అక్కా."

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు
ఆమె నా ఇంటికి దిగుతుంది,
నేను ఆమె ఇంటికి ఎక్కుతాను.
ఉస్మానియా బిస్కెట్ విరిగితే అది బిస్కెట్ కాదు.
కుక్కర్ కూసేముందు వాడికి చెప్పాలి.
ఇటు చూడు నాన్నా అనకూడదు.
ఊరికే పక్కన కూర్చుంటే
పావుగంటకో, గంటకో వాడే మోకాలు ఆనిస్తాడు.
కొన్ని ఆదివారాలు అదీ ఉండదు.
పక్క వాటాలో డ్రిల్లింగు పెట్టిన రోజు
నా ముంజేయి కొరికాడు.
ఆ మోతకి నాకూ ఎవర్నో కొరకాలనే ఉండింది.

మొదటిసారి భయపడ్డాను,
గెంతితే కింద ఆమె నిద్ర చెడుతుందని.
పరుపు పరిచాను. బతిమాలాను.
వాడు పరుపు వదిలేసి బండ మీదే గెంతాడు.

దిగి చూద్దును కదా,
నా మంచం మీద, నోరు తెరుచుకుని,
దిండంతా చొంగతో
అప్పుడే కళ్లు తెరుస్తోంది స్వరూప.
"సప్పుడు ఆగినంకనే తెలివొచ్చిందక్కా.
ఎగురుతున్నంత సేపు
మావోడు మంచిగున్నట్టే గదా."

ఇప్పటికీ రెండున్నరకి మెలకువ వస్తుంది.
అన్ని రాత్రులూ ఓపిక ఉండదు,
దిండు చెవులకి అదుముకుని తిట్టుకుంటాను కూడా.
ఉన్న రాత్రి మాత్రం
కర్ర చివర పాత సాక్సు తొడిగి
రెండు పొడుస్తాను.

పైనుంచి రెండు.

సీలింగు సున్నం కాస్త రాలుతుంది దుప్పటి మీద.
దులుపుకుని, ఐదింటికి బండి తీస్తాను.